వార్షిక నివేదిక: ఉమ్మడి తోటలో వేసవి ఇంపేషన్స్ మళ్ల పెంపకం

గౌరవనీయులైన సభ్యులకు తోట కమిటీ నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానం ప్రకారం, చెట్ల నీడ వల్ల ఇతర పూలమొక్కలు సరిగా పూయని మళ్లను ఈ వేసవిలో ఇంపేషన్స్ అనే పూలమొక్కలకు కేటాయించాము. వీటిలో తూర్పు ఆఫ్రికాకు చెందిన ఇంపేషన్స్ వాలెరియానా అనే రకం నీడలోనే తెలుపు, గులాబీ, నారింజ, ఎరుపు రంగుల్లో నెలల తరబడి పూస్తుంది. వాడిన పూలు వాటంతట అవే రాలిపోతాయి కనుక తుంచే పని ఉండదు. ముదిరిన కాయ చేయి తగిలితే చాలు, చిట్లి గింజలను దూరంగా చిమ్ముతుంది. ‘ఓపిక లేనిది’ అని అర్థమిచ్చే లాటిన్ పేరు ఈ ప్రజాతికి అందుకే వచ్చింది. ఆ కాయలను చిట్లించడానికి పిల్లలు సాయంత్రాలు మళ్ల చుట్టూ చేరడం కమిటీకి ఎంతో సంతోషం కలిగించింది.

నారు మనమే పోసుకున్నాము. మొదటి విడతలో గింజలపై మట్టి మందంగా కప్పడం వల్ల మొలకలు పలచగా వచ్చాయి. ఈ గింజలు మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి, రెండో విడతలో వాటిని తడి మట్టి పైనే చల్లి, వేడి 21 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా చూడగా నారు చక్కగా అందివచ్చింది. మొక్కల మధ్య 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉంచాము. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి పూత తగ్గుతుంది కనుక ఎరువు మితంగానే వేశాము.

సభ్యులందరూ గమనించవలసిన విషయం బూజు తెగులు. చెట్ల కింద గాలి ఆడని మడిలో, సాయంత్రం పూట మొక్కల పైనుంచి నీళ్లు చల్లుతూ వచ్చిన చోట, ముందు ఆకులు పాలిపోయి అంచులు కిందికి వంగాయి; అడుగున తెల్లని నూగు కనిపించిన కొద్ది రోజులకే ఆకులూ పూలూ రాలి ఉత్త కాడలు మిగిలాయి. 2011, 2012 సంవత్సరాల్లో అమెరికాలోని తోటల్లో ఈ మొక్కలను విస్తారంగా దెబ్బతీసిన తెగులు ఇదే. లక్షణాలు బయటపడ్డాక మందు చల్లినా మొక్క కోలుకోదు. అందుచేత, ఎంతో శ్రద్ధగా పెంచిన మడి అని మనసు ఒప్పకపోయినా, మొక్కలన్నింటినీ వేళ్లతో సహా పీకి, రాలిన ఆకులను కూడా ఏరి, సంచుల్లో కట్టి తొలగించాము. కంపోస్టు గుంతలో ఏదీ వేయలేదు.

ఈ తెగులు కలిగించే సూక్ష్మజీవి బీజాలు నేలలో కొన్నేళ్లు బతికి ఉండగలవు. కాబట్టి ఆ మడిలో వచ్చే ఏడాది వాలెరియానా నాటబోము; ఈ తెగులును బాగా తట్టుకునే న్యూగినీ ఇంపేషన్స్‌ను కాస్త వెలుతురు పడే వైపునా, బెగోనియాలను మిగిలిన భాగంలోనూ నాటుతాము. మిగతా మళ్లకు నీళ్లు ఉదయం పూట, మొదళ్ల దగ్గర మాత్రమే పోయాలని నీటి వంతులు తీసుకున్న సభ్యులను కోరుతున్నాము.