చెక్క పలక, స్టాప్‌వాచ్ చాలవు

సంపాదకుడికి,

మేధో వైకల్యం ఉన్న పిల్లలు ఆకారాన్ని, చోటును ఎంతవరకు పోల్చుకోగలరో చూసేందుకు మన దగ్గర వాడే పరీక్షల్లో సెగ్విన్ ఫామ్ బోర్డు ఒకటి. పది చెక్క ముక్కలు, పది గుంటలు, మూడు ప్రయత్నాలు. వాటిలో అతి తక్కువ సమయాన్నిబట్టి మానసిక వయసు లెక్కగడతారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కండరాల బిగువు తక్కువ. నక్షత్రం ఎక్కడ పెట్టాలో తెలిసినా ముక్కను సరిగా తిప్పి దించేలోపు సెకన్లు గడిచిపోతాయి. తెలియక ఆలస్యమైందా, చెయ్యి సాగక ఆలస్యమైందా? స్టాప్‌వాచ్‌కు రెండూ ఒకటే.

చూపు ఎప్పుడు ఎక్కడ నిలిచిందో నమోదు చేసే ఐ ట్రాకర్ అనే యంత్రం ఈ రెంటినీ విడదీయగలదు. విలియమ్స్ సిండ్రోమ్ అనే జన్యు లోపం ఉన్న పిల్లలపై హాఫ్‌మన్, లాండావ్, పగానీ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనమే చూడండి. నమూనా చూసి దిమ్మెలు పేర్చే ఆటలో, నమూనా చిక్కుగా ఉన్నప్పుడు ఆ పిల్లలు దానివైపు తిరిగి చూడటం, పేర్చింది సరిచూసుకోవడం తగ్గింది. మార్కులు మాత్రమే చూస్తే ఇది బయటపడదు.

అలాగని యంత్రం కొని బల్లమీద పెడితే సరిపోదు. కళ్లజోడులా తొడిగే రకాన్ని చాలామంది పిల్లలు పీకేస్తారు. తెర కింద అమర్చేదే నయం. 60 సెంటీమీటర్ల దూరంలో చూపు కోణం లెక్క ఒక డిగ్రీ తప్పితే తెరమీద సెంటీమీటరు తప్పినట్టే. కాబట్టి తెరమీద చూపే జవాబు బొమ్మలను దగ్గరదగ్గరగా పేర్చకూడదు, మధ్య నాలుగైదు సెంటీమీటర్లు వదలాలి. కాలిబ్రేషన్‌కు, అంటే పిల్లల చూపుకు తగ్గట్టు యంత్రాన్ని ముందుగా సరిచేసుకోవడానికి, తొమ్మిది చుక్కలు చూసేదాకా వారికి ఓపిక ఉండదు. చప్పుడుతో కదిలే చిన్న బొమ్మను ఐదు చోట్ల చూపితే చాలు. మధ్యమధ్య అదే బొమ్మను మళ్లీ చూపి లెక్క ఎంత పక్కకు జరిగిందో సరిచూడాలి. మెల్లకన్ను ఉంటే రెండు కళ్ల సగటు ఎవరూ చూడని ఖాళీ చోటును చూపిస్తుంది. నిలకడగా ఉన్న కంటినే లెక్కలోకి తీసుకోవాలి. కనుగుడ్లు ఆగకుండా ఊగే పిల్లల్లో చూపు ఎక్కడ నిలిచిందో సాఫ్ట్‌వేర్ తనంతట తాను తేల్చలేదు. యంత్రం వాడేది పరారుణ కాంతి కాబట్టి కిటికీ ఎండకు తెర దించాలి.

అసలు అభ్యంతరం వేరే ఉంది. కాలిబ్రేషన్ కుదరని పిల్లలను జాబితా నుంచి తీసేసి, మిగిలినవారి ఫలితాలను అందరివిగా చెప్పడం. తీసేసినవారిలో తీవ్ర వైకల్యం ఉన్నవారే ఎక్కువగా ఉంటారు. ఎంతమందిని, ఏ కారణంతో తీసేశారో ప్రతి నివేదికలోనూ రాయాలన్న నిబంధనను సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ తీసుకురావాలి. అప్పటిదాకా వైకల్య ధ్రువపత్రాల జోలికి ఈ యంత్రాన్ని రానివ్వకూడదు.

— కొందరు క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు, హైదరాబాద్