వెబ్‌సైట్ల ఫైలు మీద సంతకం పెట్టబోయే మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

శాఖల వెబ్‌సైట్లన్నిటినీ కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం (సీఎంఎస్) మీదికి, అంటే కోడ్ రాయడం రాని ఉద్యోగులు కూడా పేజీలు రాసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ మీదికి మార్చాలనే ఫైలు ఏదో ఒక రోజు మీ బల్ల మీదికి వస్తుంది. ఇప్పటికే వచ్చి ఉండొచ్చు కూడా. అందులో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు. లాభాలకు పది వరసలు, నష్టాలకు రెండు. అలాంటి పట్టికలు నేనూ చాలా తయారుచేసి ఇచ్చాను. పద్దెనిమిదేళ్లుగా వెబ్‌సైట్లు కట్టడం, అంతకంటే ఎక్కువగా ఎవరో కట్టి వదిలేసినవాటిని బాగుచేయడం నా బతుకుతెరువు. ఆ పట్టికల్లో నేను రాయకుండా వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి కోసమే ఈ ఉత్తరం.

ముందు మంచే చెబుతాను. సీఎంఎస్ లేని రోజులు నేను చూశాను. ఒక కార్యాలయం ఫోన్ నంబరు మారింది. గుమాస్తా నోట్ రాసి, పై అధికారి సంతకం పెట్టి, అది ఏజెన్సీకి చేరి, ఏజెన్సీ నాకు పంపి, నేను హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరిచి నాలుగు అంకెలు దిద్ది సర్వర్‌లోకి ఎక్కించేసరికి మూడు వారాలైంది. అందులో నా పని రెండు నిమిషాలు. ఆ మూడు వారాలూ జనం పలకని నంబరుకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. తర్వాత అదే కార్యాలయానికి సీఎంఎస్ పెట్టాం. ఆ గుమాస్తాగారిని ఒక పూట కూర్చోబెట్టి నేర్పాను. వారం తిరిగేలోగా ఆవిడ గడువు తీరిన ప్రకటనలన్నీ తీసేశారు, కొత్తవి పెట్టారు, నేనే చేసిన ఒక అచ్చుతప్పు దిద్ది మరీ నాకు చెప్పారు. సీఎంఎస్ వల్ల అసలు లాభం ఇదొక్కటే అన్నా నాకు అభ్యంతరం లేదు. విషయం ఎవరికి తెలుసో వాళ్ల చేతికే కలం వస్తుంది, మధ్యలో నాబోటివాడు పక్కకు తప్పుకుంటాడు.

మిగతా లాభాలు మీ ఫైల్లో ఎలాగూ ఉంటాయి. విషయం ఒకచోట, దాని రూపురేఖలు ఇంకోచోట ఉంటాయి కాబట్టి థీమ్ ఒక్కటి మారిస్తే వెయ్యి పేజీలూ మారతాయి. ఒకరు రాసింది ఇంకొకరు చూసి ఒప్పుకున్నాకే ప్రచురించే ఏర్పాటు ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏ వాక్యం మార్చారో చరిత్ర నిలిచి ఉంటుంది. ప్రభుత్వాలకు ఇది చిన్న విషయం కాదు.

ఇంకొక మాట కూడా ఆ ఫైల్లో ఉంటుంది, బహుశా పెద్ద అక్షరాల్లో: ఉచితం. నిజమే. 2001లో వచ్చిన డ్రూపల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, 2005లో వచ్చిన జూమ్లా అనే సీఎంఎస్‌లు మూడూ జీపీఎల్ లైసెన్సు కింద దొరుకుతాయి. రుసుము కట్టక్కర్లేదు, కోడ్ తెరిచి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయంటే ఆ స్వేచ్ఛ కూడా ఒక కారణం. అయితే దానంగా వచ్చిన ఏనుగుకు మేత ఎవరు పెడతారన్నది ఎవరూ అడగరు. టెండర్లో తయారీకి డబ్బుంటుంది, ప్రారంభోత్సవానికి తేదీ ఉంటుంది. ఆ మర్నాటి నుంచి చేయాల్సిన పనికి మాత్రం పద్దు ఉండదు.

ఆ మర్నాటి పని ఏమిటో రెండు సంఘటనలతో చెబుతాను.

2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఒక లోపం బయటపడింది. లాగిన్ కూడా అక్కర్లేకుండా ఎవరైనా డేటాబేస్‌లోకి చొరబడగలిగేంత లోపం. సరిచేసిన కోడ్‌ను డ్రూపల్ భద్రతా బృందం ఆ రోజే విడుదల చేసింది. రెండు వారాల తర్వాత అదే బృందం మరో ప్రకటన చేసింది: లోపం సంగతి బయటికొచ్చిన 7 గంటల్లోపు అప్‌డేట్ చేసుకోని ప్రతి డ్రూపల్ 7 సైటూ దొంగల చేతిలో పడిందనే అనుకోండి అని. ఏడు గంటలండీ. ఒక బల్ల మీది ఫైలు పక్క బల్లకు చేరడానికే మనకది చాలదు.

రెండోది వర్డ్‌ప్రెస్‌ది. 2017 జనవరి 26న 4.7.2 వెర్షన్ విడుదల చేసి అందులో ఒక తీవ్రమైన లోపాన్ని సరిచేశారు. ఆ సంగతి వెంటనే చెప్పలేదు. అందరూ అప్‌డేట్ చేసుకోవడానికి దాదాపు వారం వ్యవధి ఇచ్చి ఫిబ్రవరి 1న బయటపెట్టారు. అయినా ఆ తర్వాతి రోజుల్లో లక్షల పేజీల్లో అసలు రాత చెరిపేసి ఆకతాయిలు తమ రాతలు రాసుకున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచీ వర్డ్‌ప్రెస్‌లో ఇలాంటి చిన్న అప్‌డేట్లు వాటంతటవే పడతాయి. పడకుండా ఆపేది ఎవరంటే, మావాళ్లే. అప్‌డేట్ పడ్డాక ఏదైనా ప్లగిన్ (సీఎంఎస్‌కు అదనపు పని నేర్పడానికి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) మొరాయిస్తే మాట పడాల్సి వస్తుందని ముందే ఆ మీట నొక్కేసి వెళ్లిపోతారు. కొత్తలో నేనూ ఒకటి రెండు చోట్ల ఆ పని చేశాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఒకసారి ఒక కార్యాలయం వాళ్లు సైటు చూడమని పిలిచారు. తెరిస్తే అంతా చక్కగానే ఉంది. సెర్చ్ ఇంజిన్లో ఆ కార్యాలయం పేరు కొడితే మాత్రం కింద వరసగా జూదం ప్రకటనలు! లోపల దాక్కున్న కోడ్ మనుషులకు అసలు పేజీ, సెర్చ్ ఇంజిన్ల రోబోలకు ఇంకో పేజీ చూపిస్తోంది. అందుకే నెలల తరబడి ఎవరి కంటా పడలేదు. లెక్క తీస్తే ప్లగిన్లు 41. వాటిలో సగం దేనికి పెట్టారో చెప్పేవాళ్లే లేరు. ఒకదాన్ని తయారుచేసినవాళ్లు వదిలేసి నాలుగేళ్లయింది, దొంగ వచ్చింది ఆ దారినే. అడ్మిన్ లాగిన్లు 14. బదిలీ అయినవాళ్లవి, రిటైరైనవాళ్లవి, ‘టెస్ట్’ అనే పేరుతో ఎవరిదో తెలియనిది ఒకటి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం మూడు నెలలకోసారి మార్చి రిజిస్టర్లో సంతకం పెట్టేవారట. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అంటే ఇదే. బ్యాకప్ ఉందా అని అడిగాను. ఉందన్నారు. అదే సర్వర్లో, అదే ఫోల్డర్లో, అదే దొంగ కోడ్‌తో సహా.

ప్లగిన్ల గురించి విడిగా ఒక మాట. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో ఉచిత ప్లగిన్లు 50,000కు పైగా ఉన్నాయి. ఫారం కావాలంటే ఒకటి, ఫొటోల గ్యాలరీకి ఒకటి, కదిలే అక్షరాలకు ఒకటి. (కదిలే అక్షరాలు ఎందుకని అడిగితే పైనుంచి ఆదేశమంటారు. ఆ పైన ఉన్నది మీరే అయితే దయచేసి ఆపించండి.) ఒక్కో ప్లగిన్ వెనక ఒక్కో మనిషి ఉంటాడు. ఆ మనిషికి విసుగొస్తే వదిలేస్తాడు, డబ్బొస్తే అమ్మేస్తాడు. 2017లో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ అలాగే చేతులు మారింది. కొన్నవాళ్లు అప్‌డేట్ పేరుతో దొంగదారి తెరిచే కోడ్ పంపారు. దాన్ని డైరెక్టరీ నుంచి తీసేసేనాటికి దాదాపు 2 లక్షల సైట్లలో ఉంది. వెంటనే అప్‌డేట్ చేయమని ఇందాక చెప్పి, అప్‌డేట్‌లోనే విషం వచ్చిందని ఇప్పుడు చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. రెండూ నిజమే. అందుకే ప్లగిన్లు ఎంత తక్కువుంటే అంత మంచిది, ఉన్నవాటి మీద కన్నేసి ఉంచే మనిషి కావాలి అంటున్నాను.

వెర్షన్ల సంగతి ఇంకొకటి. 2011 జనవరిలో వచ్చిన డ్రూపల్ 7కు గడువు పెంచుకుంటూ పోయి, చివరకు 2025 జనవరి 5న మద్దతు ఆపేశారు. 2015లో వచ్చిన డ్రూపల్ 8 లోపల పూర్తిగా వేరే కట్టడం. ఏడు నుంచి ఎనిమిదికి వెళ్లడమంటే మీట నొక్కడం కాదు, కొత్త ఇల్లు కట్టుకుని సామాను మోసుకెళ్లడం. పద్నాలుగేళ్ల ఆయుష్షు సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువే, కాదనను. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆ ఖర్చు వస్తుందని మొదటిరోజే ఫైల్లో రాసిన శాఖను నేనింకా చూడలేదు.

మీ అధికారులు బయటి దేశాల ఉదాహరణలు చూపిస్తారు, చూడండి. అమెరికా అధ్యక్ష భవనం వెబ్‌సైట్ 2009లో డ్రూపల్‌కు మారింది, 2017లో దాన్నీ వదిలి వర్డ్‌ప్రెస్‌కు మారింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం డ్రూపల్ మీద గవ్‌సీఎంఎస్ అనే ఉమ్మడి వేదిక కట్టి 2015 నుంచి శాఖలకు ఇస్తోంది. బ్రిటన్ 2012లో గవ్.యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైట్ తెచ్చినప్పుడు ఇవేవీ తీసుకోకుండా ప్రచురణ సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకుని కోడ్‌ను బయటపెట్టింది. మూడూ మూడు దారులు. వీటిని చూసి ఏ సీఎంఎస్ గొప్పది అని వాదించుకోవడం దండగ. ఆస్ట్రేలియా పద్ధతి నాకు నచ్చేది ఒక్కందుకు: శాఖకో సర్వర్, శాఖకో ఏజెన్సీ కాకుండా వేదికను ఒకచోట కాపాడతారు, రాసే పని మాత్రం శాఖలవాళ్లు చేసుకుంటారు. అప్పుడు ఆ ఏడు గంటల పందెంలో పరిగెత్తేది ఒక్క బృందమే. ఒక్కచోట పగిలితే అన్నీ పగులుతాయన్న భయమూ ఉంది, అది ఉత్త భయం కాదు. అయినా వంద చోట్ల కాపలా లేని వంద తలుపుల కంటే కాపలా ఉన్న ఒక్క తలుపే మేలని నా అనుభవం.

అసలు ప్రతి వెబ్‌సైట్‌కూ సీఎంఎస్ కావాలా అన్నది ఫైల్లో కనిపించని ప్రశ్న. ఏడాదికి రెండుసార్లు మారే ఆరు పేజీల సైట్‌కు డేటాబేస్, లాగిన్లు, ప్లగిన్లు పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ముందే తయారుచేసి పెట్టిన మామూలు స్టాటిక్ పేజీలు చాలు. వాటిలో పగలగొట్టడానికి తలుపే ఉండదు. జనం ఒక్కసారిగా విరుచుకుపడే రోజున కూడా తేడా తెలుస్తుంది. సీఎంఎస్ మామూలుగా వచ్చిన ప్రతి మనిషికీ డేటాబేస్‌ను అడిగి పేజీని అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది. పదిమంది వస్తే ఫర్వాలేదు. విపత్తు హెచ్చరిక కోసమో ఫలితాల కోసమో లక్షల మంది ఒకే నిమిషంలో వస్తే కుప్పకూలుతుంది. ఒకసారి తయారైన పేజీలను దాచిపెట్టే క్యాష్‌లో వాటిని సిద్ధంగా ఉంచితే చాలావరకు తట్టుకుంటుంది గానీ, దాన్ని సరిగ్గా అమర్చినవాళ్లను నేను తక్కువే చూశాను. లోపల రాసుకోవడానికి సీఎంఎస్, బయటికి మాత్రం తయారైపోయిన స్టాటిక్ పేజీలు అనే మధ్యేమార్గం ఉంది. కొత్త ఆలోచనేమీ కాదు, 2001లో వచ్చిన మూవబుల్ టైప్ అనే సీఎంఎస్ పేజీలను అలాగే తయారుచేసి పెట్టేది. గుమాస్తాగారి చేతిలో కలం ఉంటుంది, వీధిలోకి తలుపు ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ‘మా సొంత సీఎంఎస్, ఇంకెక్కడా దొరకదు’ అని ఏ ఏజెన్సీ అయినా అంటే ఆ ఫైలు వెనక్కి పంపండి. బ్రిటన్ తన కోసం తను రాసుకోవడం వేరు, ఏజెన్సీ తన గుప్పిట్లో పెట్టుకుని మీకు అద్దెకివ్వడం వేరు. కాంట్రాక్టు ముగిశాక మీ పేజీలు మీకు ఇవ్వడానికే మళ్లీ బిల్లు వేస్తారు. ఒకవేళ ఇచ్చినా పాత లింకులన్నీ చచ్చిపోతాయి. పదేళ్లుగా జనం దాచుకున్న, ఉత్తర్వుల్లో అచ్చువేసిన చిరునామాలు నొక్కితే ‘పేజీ దొరకలేదు’ అని వస్తుంది. మొత్తం విషయాన్ని అందరూ చదవగల ఫార్మాట్‌లో బయటికి తీసి ఇవ్వాలని, పాత చిరునామాలు కొత్తవాటికి దారి చూపాలని ఒప్పందంలోనే రాయించండి. గవర్నమెంటు వెబ్‌సైట్ మారినప్పుడల్లా జనానికి జ్ఞాపకం పోవాలా?

కాబట్టి సంతకానికి ముందు మీరు అడగాల్సింది ఏ సీఎంఎస్ అని కాదు. ఆదివారం రాత్రి పదింటికి లోపం బయటపడితే ఎవరి ఫోన్ మోగుతుంది, ఆ మనిషికి ఎవరి అనుమతీ అడగకుండా అప్‌డేట్ చేసే అధికారం ఉందా, అతని జీతం ఏ పద్దులో ఉంది అని అడగండి. సమాధానంగా ఏజెన్సీ పేరు చెబితే ఒప్పందం ఎప్పటితో ముగుస్తుందో అడగండి. బ్యాకప్ ఉందంటే చివరిసారి దాని నుంచి సైటును తిరిగి నిలబెట్టి చూసింది ఎప్పుడో అడగండి. గది కాసేపు నిశ్శబ్దమైపోతుంది, నాకు తెలుసు.

ఇదంతా తేలేలోగా ఇప్పుడున్న సైట్లతో ఒక పని చేయించవచ్చు. దానికి టెండర్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. మీ శాఖ వెబ్‌సైట్‌కు అడ్మిన్ లాగిన్ ఎంతమందికి ఉందో, వాళ్లలో ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నవాళ్లు ఎవరో ఒక కాగితం మీద రాసి రేపు సాయంత్రంలోగా తెమ్మనండి. ఉద్యోగంలో లేనివాళ్ల లాగిన్లు మీ ఎదుటే తీయించండి.

భవదీయుడు,
మీ సైట్లు బాగుచేసే ఒక పనివాడు