మంచు జలపాతం ఎక్కాలనుకునే కొత్తవారికి

సంపాదకులకు నమస్కారం.

చలికాలంలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో గడ్డకట్టే జలపాతాలను ఎక్కాలని ఉబలాటపడే మన యువతీయువకులు, చేతిలో మంచుగొడ్డళ్లు ఉంటే చాలుననుకోకుండా, పైనుంచి తాడు వేసి, కింద అనుభవజ్ఞులు దాన్ని పట్టుకునే పద్ధతిలోనే తొలి పాఠాలు నేర్చుకోవాలని మనవి. కొత్తవారు భారమంతా చేతులపై వేసి త్వరగా అలసిపోతారు. నిజానికి ఒంటిని మోయవలసినవి కాళ్లే. బూట్ల అడుగున బిగించే లోహపు కోరల చట్రాలైన క్రాంపాన్ల ముందరి కోరలను మంచులో గుచ్చి, మడమలను కిందికి దించి నిలబడితే పిక్కలకు శ్రమ తగ్గుతుంది. గొడ్డలి దెబ్బకు పలకలుగా విరిగిపడే మంచు కింద ఉన్నవారి ప్రాణం తీయగలదు కనుక, అందరికీ హెల్మెట్ తప్పనిసరి. తాడు పట్టేవారు పక్కకు నిలబడాలి. ఎండ తగిలి నీరు కారుతున్న మంచును, అది ఎంత అందంగా కనిపించినా, ఆ రోజుకు వదిలేయడమే మేలు. సాహస యాత్రల విశేషాలు ప్రచురించేటప్పుడు, శిక్షకుల అర్హతలను ముందే అడిగి తెలుసుకోమని కూడా పాఠకులకు చెప్పాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ