సితారకి గండం గడిచింది రా

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు రాయలేదని కోపంగా ఉండుంటావు. ఉండు, ఇది పూర్తిగా చదివితే నువ్వే చల్లబడతావు. అమ్మ మోకాలు పర్వాలేదు. చెల్లి సంబంధం దాదాపు ఖాయం, ఆ వివరాలు అమ్మే ఫోన్ చేసి చెబుతుందట. మామిడి ఈ ఏడు అంతంత మాత్రం. అంతే, ఇంటి కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి ఫోన్లో చెబుదామంటే రెండు నిమిషాలకే నీకు మీటింగ్ వస్తుంది, అందుకే కాగితం తీశాను.

మన గుర్రం సితార చావు తప్పించుకుంది రా. పాలకోవా ఒట్టు, ఒక్క ముక్క కూడా పెంచి రాయడం లేదు.

మా తోటకి అవతల ఈ మధ్యే ఒక ఫంక్షన్ హాలు వచ్చింది. పెళ్ళిళ్ళ సీజను కదా, రోజూ మోతే. ఆ రాత్రి బరాత్ సరిగ్గా మా కంచె పక్కకి వచ్చి ఆగింది. ఇక ఒకటే బాంబులు. మన ఇంకో గుర్రం రాణా చెవులు వెనక్కి పెట్టి నిలబడ్డాడు గానీ సితార తట్టుకోలేకపోయింది. మలక్‌పేట రేసుల్లో పరిగెత్తిన థరోబ్రెడ్ జాతి గుర్రం అది, భయమేస్తే దానికి తెలిసింది పరుగొక్కటే. చీకట్లో నేరుగా వెళ్ళి గేటు ఇనప స్తంభాన్ని ఛాతీతో గుద్దేసింది. ఆ చప్పుడు నాకింకా... సరే, వదిలెయ్.

టార్చి వేసి చూస్తే చుక్క రక్తం లేదు, చర్మం చిట్లలేదు. హమ్మయ్య అనుకున్నాం. గంట తిరక్కుండా ముందు కాళ్ళ మధ్య వాపు మొదలైంది. చూస్తుండగానే పెరుగుతోంది రా! అర్ధరాత్రికి నా రెండు అరచేతులూ పరిచినా మూయలేనంత అయింది. వేలితో మెల్లగా నొక్కితే లోపల నీరు కదులుతున్నట్టు తెలుస్తోంది. సితార తల వేలాడేసి, ఒక కాలు మీద బరువు ఆన్చకుండా నిలబడింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అచ్చం మనం వరంగల్ స్టేషన్లో బెంబేలెత్తిన రాత్రిలాగే, నువ్వు పక్కన లేవు, అంతే తేడా.

పశువుల డాక్టరు గారు ఫోన్ ఎత్తడం మా అదృష్టం. ముందు పెదవి పైకెత్తి పళ్ళ చిగుళ్ళు చూడమన్నారు. గులాబీ రంగులో ఉన్నాయా, తెల్లబడ్డాయా? బొటనవేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వచ్చింది. దవడ కింద నాడి పట్టుకుని లెక్కపెట్టమన్నారు. గుర్రానికి మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 ఉంటుందట, దానికి 52 ఉంది. నొప్పికీ భయానికీ అంత ఉంటుంది, కంగారు పడొద్దన్నారు. ‘చర్మం కింద రక్తనాళం చిట్లి రక్తం గూడు కడుతోంది. హెమటోమా. 450 కిలోల గుర్రంలో సుమారు 35 లీటర్ల రక్తం ఉంటుంది, వాపులోకి చేరింది అందులో కొంతే. కానీ చిగుళ్ళు తెల్లబడినా, నాడి ఇంకా పెరిగినా వెంటనే చెప్పు’ అన్నారు. ఆ రాత్రి నేనూ, లాయం చూసుకునే చాచా వంతులవారీగా అరగంటకోసారి ఆ పెదవి ఎత్తి చూస్తూనే ఉన్నాం. పాపం, ఒక్కసారి కూడా విసుక్కోలేదు మహాతల్లి.

తెల్లారగానే ఆయన వచ్చి స్కాన్ మిషన్ పెట్టి చూపించారు. తెర మీద నల్లగా కనిపించేది నీరు నీరుగా ఉన్న రక్తం, మధ్యలో తెల్లటి పోగులు గడ్డకడుతున్న భాగం. చీముగడ్డ అయితే నాలుగైదు రోజులు తీసుకుని, వేడిగా, ముట్టుకోనివ్వనంత నొప్పితో వస్తుందట. ఇది గంటల్లో వచ్చింది కాబట్టి అప్పుడే తేడా తెలుస్తుంది. టెటనస్ టీకా, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. గుర్రాలకి ధనుర్వాతం భయం మిగతా పశువులకన్నా చాలా ఎక్కువ. ఇక మేం ఎదురుచూస్తున్న మాట, కోసి రక్తం తీసేద్దాం అని, అది మాత్రం అనలేదు. వద్దే వద్దన్నారు.

మావా, ఇది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం. లోపల పేరుకున్న ఆ రక్తమే చిట్లిన నాళాన్ని అదిమిపట్టి కారకుండా ఆపుతుందట! ఇప్పుడు కోస్తే ఆ అదుము పోయి మళ్ళీ కారుతుంది, పైగా తెరిచిన దారిలో క్రిములు దూరితే అంతా చీము. చూస్తే గుండె ఆగిపోయేలా ఉన్న ఆ వాపే దాన్ని కాపాడుతోంది. నేను చాలాసేపు దాని మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాను.

కానీ ఊళ్ళో వాళ్ళకి ఎవరు చెప్పగలరు? ఒకాయన ఇటుక కాల్చి కాపడం పెట్టమన్నాడు. మొదటి రోజుల్లో వేడి తగిలితే నాళాలు ఇంకా విచ్చుకుని రక్తం ఎక్కువ కారుతుంది. ఇంకొకాయన ఏకంగా వాత పెడతానని ఇనప కడ్డీ పట్టుకొచ్చాడు. నొప్పితో ఉన్న మూగజీవానికి వాతలా? ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే చాచా లాయం గుమ్మానికి అడ్డంగా నిలబడి, ‘ముందు నాకు పెట్టు, తర్వాత దానికి’ అన్నాడు. వాత పెడతానన్నాయన కడ్డీతో సహా వెళ్ళిపోయాడు. మన ముసలి చాచా కాళ్ళకి దండం పెట్టాలనిపించింది రా.

తర్వాత రెండు రోజులూ చన్నీళ్ళే మందు. రోజుకి నాలుగైదుసార్లు, ప్రతిసారీ ఇరవై నిమిషాలు పైపుతో సన్నటి ధార. ఈ ఎండలకి పైపులో ముందు వచ్చేది వేడినీళ్ళే కదా, అవి పోయేదాకా వదిలి అప్పుడు పట్టేవాళ్ళం. కరెంటు పోతే సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి, గోనెలో దంచి, గుడ్డలో చుట్టి అద్దేవాళ్ళం. ఐసు నేరుగా తగిలితే చర్మం దెబ్బతింటుంది. ఉలవలూ ఓట్సూ బంద్, ఎండుగడ్డి మాత్రమే. పని లేకుండా నిలబడ్డ గుర్రానికి దాణా దండిగా పెడితే, మళ్ళీ పనిలోకి దించగానే కండరాలు బిగుసుకుపోవచ్చు. అది ఖాళీ తొట్టిని మూతితో తోసి తోసి నా వైపు చూసేది. మూడో ఇడ్లీ కోసం నువ్వు చూసే చూపు గుర్తొచ్చి అంత బాధలోనూ నవ్వాను.

వాపు ఆగింది కానీ తగ్గలేదు. చిన్నదైతే ఒంట్లోనే మెల్లగా ఇంకిపోతుందట, ఇది పెద్దది. పది రోజులు దాటాక మళ్ళీ స్కాన్ చేసి, నాళం మూసుకుపోయిందని రూఢి చేసుకుని, అప్పుడు కోశారు. మత్తు ఇంజెక్షన్‌కి సితార తల మెల్లగా వాలిపోయి నా భుజం మీద ఆనింది. అంత బరువు! నేను కదల్లేదు. వెంట్రుకలు గొరిగి, తిమ్మిరి మందిచ్చి, వాపు అడుగున, అన్నిటికన్నా కిందికి ఉన్న చోట గాటు పెట్టారు. ముందు ఎర్రటి పలచటి నీరు బకెట్‌లోకి ధారగా పడింది. తర్వాత ఆయన గ్లౌజు వేసిన వేళ్ళు లోపలికి పెట్టి నల్లటి గడ్డలు ఒక్కొక్కటే తీశారు. కుట్లు వెయ్యలేదు. లోపల నీరు చేరకుండా గాయం తెరిచే ఉండాలి, అడుగు నుంచి మానుతూ పైకి రావాలి.

ఇప్పుడు రోజూ నా పని ఏంటంటే, బెటడిన్‌ని పలచటి టీ డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి, సిరంజితో లోపల కడగడం. కారే నీటికి చర్మం ఒరిసిపోకుండా గాయం కింద వాజిలిన్, ఈగలు వాలి పురుగు పడకుండా చుట్టూ వేపనూనె. సిరంజి చూడగానే సితార ముందుకాలు నేల మీద కొట్టేది. ఇప్పుడు తనే వచ్చి పక్కకి తిరిగి నిలబడుతోంది. దీనికి నేనేం చెప్పను, నువ్వే చెప్పు.

నిన్న మొదటిసారి పగ్గం పట్టుకుని మామిడి చెట్ల దాకా నడిపించాను. కాలు సమంగా వేస్తోంది! మధ్యలో నన్ను లాగి నాలుగు అడుగులు దుడుకు నడక వేసింది కూడా, చాచా వెనక నుంచి ఒకటే కేకలు. వాపు ఉన్నచోట కాస్త గట్టి బొడిపె మిగిలింది, కొన్ని నెలలు పట్టొచ్చట, అసలు పోకపోవచ్చట కూడా. ఉండనీ, దాని నడకకి అడ్డం లేదు.

ఫంక్షన్ హాలు వాళ్ళతో మాట్లాడాం. కంచె వైపు బాంబులు కాల్చనివ్వం అన్నారు గానీ నాకు నమ్మకం లేదు, గేటు స్తంభాలకి పాత టైర్లు కట్టించాను. ఇంకా రాణా సంగతి చెప్పనే లేదు నీకు! అది అన్ని రోజులూ గోడకి ఇవతల... అయ్యో, డాక్టరు గారి బండి వచ్చేసింది, చాచా అరుస్తున్నాడు. రాణా సంగతి వచ్చే ఉత్తరంలో. దసరాకి టికెట్టు తీశావో లేదో రాయి. వచ్చేటప్పుడు బెల్లం మర్చిపోకు, సితారకి ఒక్క ముక్క పెట్టడానికి డాక్టరు గారు ఒప్పుకున్నారు.

ఉంటా,
నీ మావ