పాప చెప్పింది నాటకం కాదు

సంపాదకులకు నమస్కారం.

మా నాలుగో తరగతి పాప హోంవర్క్ చేస్తూ ఉన్నట్టుండి, "అమ్మా, నువ్వు దూరంగా వెళ్లిపోతున్నావు, నా వేళ్లు లావైపోతున్నాయి" అనేది. నేను పక్కనే ఉండేదాన్ని. స్కూల్లో నాటకమన్నారు, బంధువులు దిష్టి తీయమన్నారు. కళ్ల డాక్టర్ చూపు బాగుందన్నారు. నిజమే, తేడా కళ్లలో లేదు. చూసిన వస్తువు సైజునూ దూరాన్నీ మెదడు అంచనా వేయడంలో ఉంది.

న్యూరాలజిస్ట్ దీన్ని ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ సిండ్రోమ్ అన్నారు. బ్రిటిష్ సైకియాట్రిస్ట్ జాన్ టాడ్ 1955లోనే ఆ పేరు పెట్టారట. పిల్లల్లో మైగ్రేన్ వల్లో, ఎప్‌స్టీన్-బార్ లాంటి వైరస్ సోకడం వల్లో రావచ్చు. చాలావరకు కాసేపటికి పోతుంది. ఒక్కోసారి మూర్ఛ వ్యాధి (ఫిట్స్) కూడా కారణం కావచ్చు, కాబట్టి పరీక్షలు చేయించాల్సిందే.

ఎవరూ నమ్మకపోవడమే పాపను ఎక్కువ ఏడిపించింది. పైగా ఆ సమయంలో రోడ్డు దాటితే, ఎదురుగా వచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో తనకు తెలియదు. స్కూలు వాళ్లకు ఈ సంగతి తెలియాలి కదా!

నిమ్స్, నీలోఫర్ ఆసుపత్రుల నిపుణులతో టీచర్లకు అవగాహన కల్పించాలని విద్యాశాఖను కోరుతున్నాను. తల్లిదండ్రులూ, పిల్లలు ఇలా చెబితే కసరకండి. ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, తలనొప్పి ఉందా అన్నవి రాసుకుని డాక్టర్‌కు చూపించండి.

- ఒక తల్లి, మల్కాజిగిరి, హైదరాబాద్