సోమశిల గుట్ట మీద మా అమ్మను దింపిన అన్నకు

పోయిన ఆదివారం సోమశిలలో, కృష్ణ ఒడ్డున గుట్ట అంచు నుంచి దిగుతుంటే మా అమ్మకు మోకాలు పట్టేసింది. ఒక పక్క నిలువు లోతు, కాళ్ల కింద జారే రాళ్లు. టెన్షన్‌తో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడే మీ పుట్టి పడవను ఒడ్డున కట్టేసి మీరు పైకొచ్చారన్నా. భుజం మీది తువ్వాల కొస అమ్మ చేతికిచ్చి, "నీళ్ల దిక్కు చూడకమ్మా, నా మడిమెలు చూసి అడుగెయ్యి" అన్నారు. తడి ఆరని ఆ తువ్వాలకు చేపల వాసన. అరగంట పట్టింది, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లల్లో అమ్మ పుట్టిల్లూ ఉంది. సోమశిల పాత గుడిని కూడా ఆ ముంపు వల్లే తరలించి కట్టారు. ఆ నీళ్లను పైనుంచి చూడాలని ఎన్నేళ్లుగానో అడుగుతోంది. కళ్లారా చూసింది.

డబ్బులిస్తే తీసుకోలేదు, పేరు అడిగేలోపే పుట్టి ఎక్కేశారు. అమ్మ రోజూ మిమ్మల్నే తలుచుకుంటోంది. అన్నా, మీకు చేతులెత్తి దండం.