బాబాయి కారు సంగతి

ఒరేయ్ రాంబాబూ,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. ముందు అసలు ముక్క చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా తిట్టుకుందువుగాని. పోయిన కార్తీకంలో మీ నాన్నగారి అంబాసిడర్ తగలబడింది. కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు, కారు కూడా ఇప్పుడు నడుస్తోంది, నిన్ననే పామర్రు దాకా వెళ్లొచ్చాను. కానీ పది నెలలు నీ దగ్గర దాచాను చూడు, అదే నాకు బాగాలేదు. నువ్వు "కారెలా ఉందిరా" అన్నప్పుడల్లా "షెడ్డులో ఉందిరా, చిన్న పనుంది" అన్నాను. షెడ్డులో ఉన్నమాట నిజమే, పనున్నమాటా నిజమే. చిన్నది కాదంతే.

ఆ ఆదివారం పెనమలూరు దగ్గర తోటలో వనభోజనాలు. నేను, సుజాత, మా అత్తగారు, డిక్కీలో గంగాళం నిండా పులిహోర. వారం ముందు నుంచీ సుజాత చెబుతూనే ఉంది, కార్లో పెట్రోలు వాసనొస్తోందని. పాత కారన్నాక వాసన రాక అత్తరొస్తుందా అన్నాను నేను. పెద్ద జోకు వేశాననుకుని నవ్వుకున్నాను కూడా. ఉయ్యూరు దాటి రెండు మూడు కిలోమీటర్లు పోయామో లేదో, వెనక లారీవాడు ఒకటే హారన్. సైడిచ్చినా పోడు. పక్కకొచ్చి చెయ్యి ఊపుతూ ముందుకి చూపిస్తున్నాడు. చూస్తే బానెట్ సందుల్లోంచి పొగ, ఆ పొగ కింద పచ్చగా మంట.

బండి పక్కకి తీసి కీ ఆపేశాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే, అదీ తెలిసి చేసింది కాదు. మన బండికి పెట్రోలు పంపు ఇంజనుతోపాటు తిరిగేదే, కరెంటుది కాదు, అందుకని ఇంజను ఆగగానే వెనక ట్యాంకు నుంచి పెట్రోలు రావడం ఆగిపోయింది. పైపులో, కార్బురేటర్లో మిగిలిందే కాలింది. ఆడవాళ్లని దింపి, నేను పోయి బానెట్ ఎత్తబోయాను. "ఎత్తకండి సార్, గాలి తగిలితే గుప్పుమంటుంది" అని లారీ డ్రైవరు అరిచాడు. ఇంకొకాయన వాటర్ బాటిల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, పెట్రోలు మంటమీద నీళ్లు పోస్తే అది తేలుతూ ఎక్కడెక్కడికో పాకుతుందని అతన్నీ లారీవాడే ఆపాడు. తన క్యాబిన్లో ఉన్న ఎర్ర సిలిండరు తెచ్చి, బానెట్ నాలుగు వేళ్ల సందు మాత్రం లేపించి, లోపలికి పౌడరు కొట్టాడు. అంతా కలిపి మూడు నిమిషాలు కూడా పట్టి ఉండదు. నాకు మాత్రం బీఎస్సీ మూడేళ్లంత పట్టింది.

ఇంకో సంగతి విను. ఆ గోలలో మా అత్తగారు ఏం తీసుకుని దిగారనుకున్నావు? కొబ్బరి పచ్చడి గిన్నె. తర్వాత డిక్కీ తీయించి, లారీ డ్రైవరునీ క్లీనర్నీ రోడ్డుపక్కన కూర్చోబెట్టి, విస్తళ్లలో పులిహోర వడ్డించి "కార్తీకం నాయనా, తినండి" అన్నారు. నేను మాత్రం కాళ్లు వణుకుతూ మైలురాయి మీద కూలబడ్డాను.

బండిని ఆటోనగర్‌కి కట్టి లాక్కెళ్లాం. మీ నాన్నగారి దగ్గర పనిచేసిన కాసిం మేస్త్రి గుర్తున్నాడుగా, ఆయన కొడుకు ఇప్పుడక్కడ షెడ్డు నడుపుతున్నాడు. చిన్న మేస్త్రి అంటారు, వయసు యాభై. అతను బానెట్ ఎత్తి పావుగంట ఏమీ ముట్టుకోలేదు, చూస్తూ నిలబడ్డాడు. తర్వాత "ఏది కరిగిందో, ఏది కరగలేదో చూడండి సార్, అదే మనకి థర్మామీటరు" అన్నాడు. కార్బురేటర్ మూత కరిగి ముద్దయింది, అంటే అక్కడ అల్యూమినియం కరిగేంత, ఆరేడు వందల డిగ్రీల వేడి. కానీ దానికి జానెడు దూరంలో ఉన్న పెట్రోలు పంపు, అదీ అల్యూమినియమే, నల్లబడిందిగాని ఆకారం పోలేదు. ముందున్న రేడియేటర్ టంకం చెక్కుచెదరలేదు, టంకం మూడొందల డిగ్రీల లోపే కారిపోతుంది. కాబట్టి మంట ఎడమపక్క పైభాగంలోనే ఉంది, ఇంజను బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుము, వాటికేమీ అయ్యుండదు అని తేల్చాడు. నాకు అప్పుడొచ్చింది ప్రాణం.

కారణం కనిపెట్టడానికి కష్టపడక్కర్లేకపోయింది. పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే రబ్బరు పైపు. కాలకుండా మిగిలిన చివర ముక్క వంచితే అప్పడంలా విరిగింది. మన 1489 సీసీ ఇంజన్లో ఇంకో చిక్కుంది, కార్బురేటరూ, ఇంజను పొగ బయటికి పోయే సైలెన్సర్ మ్యానిఫోల్డూ ఒకేపక్కన, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన చుక్క కారితే కింద కాలే పెనం సిద్ధంగా ఉంటుంది. ఈమధ్య పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు కదా, అది పాత రకం రబ్బరుని తినేస్తుందని, ఈ రెండేళ్లలో చాలా పాత బళ్ల పైపులు మార్చానని మేస్త్రి చెప్పాడు. చెరకు నుంచి తీసిన ఇథనాలు, ఉయ్యూరు చెరకు తోటల పక్కనే మన కారుని తగలబెట్టిందన్నమాట. కానీ ఒరేయ్, తప్పంతా దానిమీద తోసేస్తే నాది దొంగతనమే. ఎందుకంటే మేస్త్రి అడిగాడు, "ఈ పైపు ఎప్పుడు మార్చారు సార్?" అని.

2013లో మీరు హైదరాబాదు మకాం మార్చేటప్పుడు, "అమ్ముతున్నాననుకోకురా, నీ దగ్గర ఉంచుతున్నా" అంటూ బాబాయి తాళాలతోపాటు ఒక నోటుబుక్కు ఇచ్చారు గుర్తుందా? నేను దాన్ని డ్యాష్‌బోర్డు అరలో పడేసి మళ్లీ ముట్టుకోలేదు. ఆ రోజు తీశాను. పెట్రోలు ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏ తేదీ, అన్నీ ఆ గుండ్రటి అక్షరాల్లో. ప్రతి ఏడూ దసరా దగ్గర ఒకే వాక్యం: "పెట్రోలు పైపు, ఫ్యాన్ బెల్టు మార్చడమైనది." పాడైందా లేదా అని చూడటం లేదు, దసరా వస్తే మార్చడమే. చివరిది 2012 దసరా.

నేను మాత్రం ఏం చేశాను? ప్రతి దసరాకీ కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు తొక్కించాను. నిమ్మకాయలు ఒక్క ఏడూ మానలేదురా. పైపు మార్చడం మానేశాను. మహా అయితే వంద రూపాయల పైపు.

ఇన్సూరెన్సు సంగతి అడుగుతావని తెలుసు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంది. మన బండి కాలితే అందులోంచి పైసా రాదు. 84 మోడల్ బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఎందుకులే అని నేనే వద్దన్నాను. మా బావమరిది తుక్కు బేరం తెచ్చాడు, 18 వేలు. సుజాత ఒక్క మాటే అంది, "రాంబాబన్నయ్యకి ఏమని చెబుతారు?" దాంతో బేరం పోయింది.

పని మొదలెట్టిందీ నేననుకున్నచోట కాదు. ముందు ఆ పౌడరు కడగాలన్నాడు మేస్త్రి. మంట ఆర్పిన పౌడరు తడి పీల్చుకుని అల్యూమినియాన్నీ కరెంటు కనెక్షన్లనీ తినేస్తుందట, నెల ఆగితే మంట మిగిల్చింది ఇది పట్టుకుపోతుందట. కార్బురేటర్ గొంతులోంచి సిలిండర్లలోకి పోయి ఉంటుందేమోనని సెల్ఫ్ కూడా కొట్టనివ్వలేదు. హెడ్డు దింపి, తుడిచి, వంకరుందేమో లేత్ దగ్గర చూపించి, కొత్త ప్యాకింగ్ వేసి ఎక్కించాడు. వంకర లేదు. కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే బలం, చూస్తే నాలుగింటిలోనూ 115 పీఎస్‌ఐకి తగ్గలేదు. నలభై ఏళ్ల ఇంజను!

టింకరింగ్ దగ్గర మాత్రం నేనే ఆలస్యం చేశాను, అనుభవించాను. పెయింటు కాలిపోయిన రేకు బోసిగా ఉంటుంది కదా, సంక్రాంతి అయ్యాక చూద్దాం అన్నాను, పండగ మంచుకి బానెట్ లోపలంతా ఎర్రగా తుప్పు. ముందే రెడ్ ఆక్సైడ్ కొట్టించి ఉంటే సరిపోయేది. బానెట్ నడుమ వేడికి ఉబ్బింది, సుత్తితో ఎంత కొట్టినా డబ్బా మూతలా లోపలికీ బయటికీ ఎగురుతోంది. చివరికి కలకత్తా మల్లిక్ బజార్ నుంచి పాత బానెట్ తెప్పించాం. అక్కడ 15 ఏళ్లు దాటిన పసుపు ట్యాక్సీలు తీసేస్తున్నారు కాబట్టి సామాను దొరుకుతోంది. లారీలో వచ్చిన ఆ బానెట్ పసుపుపచ్చగా ఉంటే, రెండు నెలలు మన తెల్ల కారు పసుపు మూతితో కూర్చుంది. పిల్లలు ఫొటోలు దిగారు. కార్బురేటరూ, ప్లగ్గులకి కరెంటు పంచే డెల్కో మూతా కూడా అక్కడివే.

అసలు నరకం వైరింగురా. మూడు నెలలు. కాలిన వైర్ల కట్ట అంతా ఒకే నల్ల తాడైపోయింది, దేన్ని పట్టుకున్నా పొడి రాలుతుంది. ఆటోనగర్లో చాలామంది ఎలక్ట్రీషియన్లు కాలినంత మేరకి కోసి అతుకులేసి టేపు చుట్టేద్దామన్నారు, రెండు రోజుల పని అన్నారు. ఒక పెద్దాయన మాత్రం కాలని చోట టేపు విప్పి చూపించాడు. పైన బాగానే ఉంది, లోపల రాగి నల్లబడి ఉంది. ఇలాంటి దానికి అతుకేస్తే మళ్లీ అక్కడే వేడెక్కుతుందన్నాడు. సరే, మొత్తం కొత్తది అల్లించాను. పాత ఇంగ్లీషు కార్ల లెక్క ప్రకారం బ్యాటరీ నుంచి వచ్చేది గోధుమరంగు, కీ తిప్పితే వచ్చేది తెలుపు, ఫ్యూజు దాటాక ఆకుపచ్చ, హెడ్‌లైట్లకి నీలం, ఎర్తుకి నలుపు. ఆ రంగులే దొరికించుకుని, ఒక్కో వైరుకీ కాగితం ముక్క అంటించి, గచ్చు మీద పరిచి అల్లాం. సాయంత్రాలు నేను వెళ్లి చీటీలు రాసేవాణ్ణి. హెడ్‌లైట్ల కరెంటంతా స్విచ్చులోంచే పోయేది కదా, ఇప్పుడు ఆ భారం స్విచ్చు మీద పడకుండా రిలేలు పెట్టించాను. ఫ్యూజుల సంఖ్య కూడా పెంచాను. బాబాయి ఒప్పుకోరేమో, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉండాలంటారు. ఈ ఒక్కచోట నేను ఆయన మాట వినదల్చుకోలేదు.

పెట్రోలు పైపు ఇథనాల్‌కి తట్టుకునే వైటన్ అనే రబ్బరు లైనింగుది, కొత్త క్లిప్పులతో. దారిలో ఒక వాల్వు, బ్యాటరీకి చేత్తో తిప్పి ఆపే కటాఫ్. రోజూ రాత్రి బాబాయి స్పానర్‌తో టెర్మినల్ ఊడదీసేవారే, మనం వెనకాల నవ్వేవాళ్లం, ఆ పనికే ఇది. సీటు కింద నా సొంత ఎర్ర సిలిండరు.

జులైలో ఒక శనివారం సెల్ఫ్ కొట్టాం. మొదటిసారి ఏం లేదు, రెండోసారి కార్బురేటర్లోంచి ఠప్‌మని మంట తన్నింది, నేను షెడ్డు బయటికి పారిపోయాను. ప్లగ్గు వైర్లు రెండు తారుమారయ్యాయట, ప్లగ్గులు వెలిగే వరస 1-3-4-2 రావాల్సింది 1-2-4-3 పెట్టాం. సరిచేశాక పట్టుకుంది. అదే పాత శబ్దం, కుట్టుమిషను మీద బియ్యపు డబ్బా పెట్టినట్టు. మొత్తం ఖర్చు లక్షా నలభై దాటింది, సుజాతకి తొంభై అని చెప్పాను, నువ్వు నోరు జారకు. అమ్మితే అందులో సగం కూడా రాదు.

ఇప్పుడు నీతో పని. దసరాకి మీరంతా గుడివాడ వస్తున్నారని పిన్ని చెప్పింది. బాబాయికి ఎనభై దాటినా, వచ్చీరాగానే కాఫీ కంటే ముందు బానెట్ ఎత్తుతారు. కొత్త వైర్లు, కొత్త పైపు, లోపలిపక్క ఎక్కడో ఇంకా గీరితే కనిపించే పసుపు రంగు, ఆయన దగ్గర ఇవేవీ దాగవు. నోటుబుక్కు ఎక్కడుందని కూడా అడుగుతారు. దాన్లో 2012 తర్వాత పేజీలు ఖాళీ. కూర్చుని ఏదో నింపేద్దామా అని ఒకరోజు పెన్ను కూడా తీశాను, సిగ్గేసి మూసేశాను. మొన్న మాత్రం ఒక్క లైను రాశాను, కారు కాలిన తేదీ.

నువ్వు ముందే ఆయన చెవిన వేస్తావా, నేనే ఎదురుగా నిలబడి చెప్పనా? ఏదో ఒకటి తేల్చి ఆదివారం ఫోన్ చెయ్యి. బిగించింది ఇంకా కొత్తదే అయినా, దసరాకని ఇంకో పైపు కొనుంచాను.

నీ
శీను